బడి పెత్తనం ఎవరిది?

వానాకాలంలో దుమ్ముగూడెం, చర్ల వైపు వాగులు పొంగితే పిల్లలు బడికి రాలేరు. మిరపకాయ కోతల రోజుల్లో కొందరు తల్లిదండ్రుల వెంట చేలకు వెళ్లిపోతారు. కోయ పిల్లవాడు ఇంట్లో కోయ మాట్లాడతాడు, మన పిల్లవాడు ఉర్దూ మాట్లాడతాడు. బడిలో ఇద్దరికీ పాఠం ఇంటి భాషలో ఉండదు. రాజధానిలో కూర్చున్న అధికారికి ఈ చిక్కులు కాగితం మీద కనిపించవు. ఊరివారికి కళ్లెదుటే ఉంటాయి. బడి నిర్వహణలో ఊరికి అధికారం ఉండాలనడం ఇందుకే.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే తల్లిదండ్రుల కమిటీలకు చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, నిధుల ఖర్చును పరిశీలించడం దాని బాధ్యతలు. తెలంగాణలో 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి మరమ్మతుల పని వాటికి అప్పగించారు.

కాగితం మీద ఇంత ఉంది. మరి ఆచరణలో? కమిటీ ప్రణాళికను సిఫారసు మాత్రమే చేయగలదు. ఉపాధ్యాయుల నియామకం, బదిలీ దాని చేతిలో లేవు. అడిగిన నిధులు రాకపోతే ఆ ప్రణాళిక బీరువాలోనే ఉండిపోతుంది. నిధులివ్వకుండా పెత్తనం ఇచ్చామనడం బరువు దించుకోవడమే అవుతుంది. ప్రభుత్వం ఈ సంగతి గ్రహించాలి.

అయితే తప్పంతా ప్రభుత్వానిదేనా? సమావేశానికి వెళ్తే ఆ రోజు కూలి పోతుందని ఆగిపోతాం. తర్వాత రిజిస్టరు ఇంటికి వస్తే చదవకుండానే సంతకం పెడతాం. మస్జిదు లెక్కలో పది రూపాయలు తేడా వస్తే జుమా నమాజు అయ్యాక నిలబడి అడుగుతాం కదా! బడి సొమ్ము మాత్రం అమానత్ కాదా? దాని లెక్క ఎందుకు అడగం?

మైనారిటీ ఎయిడెడ్ బడుల్లో 2012 సవరణ ఈ కమిటీని సలహాకే పరిమితం చేసింది. చట్టం బలవంతం చేయకపోయినా, మన బడులు నడిపే పెద్దలు తమంతట తామే తల్లిదండ్రుల ముందు లెక్క పెడితే వారి గౌరవమే పెరుగుతుంది.

సమావేశాలు కూలివారికి వీలుగా సాయంత్రం పెట్టమని అడుగుదాం. తల్లులను వెంట తీసుకువెళదాం. కోయ ఇంటివారి పక్కనే కూర్చుందాం, వారి బిడ్డ చదువూ మన బిడ్డ చదువూ ఒకే కప్పు కిందివి. చదవని కాగితం మీద సంతకం పెట్టకుండా ఉండటమే మనం చేయాల్సిన మొదటి పని.