పేరు అమ్మొచ్చు, పరాయి ఇజ్జత్ కాదు

నా దగ్గర 40 డొమైన్ పేర్లున్నాయి. ఏటేటా రెన్యువల్ కట్టలేక అమ్మకానికి పెట్టాను. నాలాంటి బేరగాళ్లు చిల్లర ఇస్తామన్నారు. అసలు ఖరీదు ఇచ్చేది ఆ పేరుతో దుకాణం నడిపేవాడే. 2019లో వాయిస్ డాట్ కామ్‌ను 3 కోట్ల డాలర్లకు కొన్నదీ అలా వాడుకోవాలనుకున్న కంపెనీయే. అది మామూలు మాట, ఎవరి సొత్తూ కాదు. అలాంటి పేర్ల తిజారత్‌లో తప్పేమీ లేదు.

కానీ నా జాబితాలో మా బస్తీ అత్తరు దుకాణం పేరూ ఉంది. లాలచ్‌తో రాయించుకున్నదే, ఎందుకు దాచాలి? 20 ఏళ్లుగా ఆ పేరు నిలబెట్టింది చాచా, నేను కాదు. హక్కుదారుకే ఎక్కువకు అమ్మాలని పేరు పట్టుకుంటే అది సౌదా కాదు, జబర్దస్తీ. 1999 నాటి ఐకాన్ నిబంధనలు దాన్ని బద్‌నియ్యత్ కిందే లెక్కగడతాయి. 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో మన సుప్రీంకోర్టు కూడా డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్కులాగే రక్షణ ఉందంది.

"కిత్నా దేనా బేటా?" అన్నారు చాచా. నేను కట్టిన మూడు వేలే తీసుకుని పేరు ఆయనకు బదిలీ చేశాను.

మిగతా 39కి మాత్రం బేరం గట్టిగానే ఆడతాను, దోస్తులారా!