కొట్లాడండి, ఆటగాడితో మాత్రం కాదు

డేవిడ్ వార్నర్ సన్‌రైజర్స్ జెర్సీ విడిచింది 2021లో. తార్నాకలో ఆ పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు. ఉప్పల్ స్టేడియం మాకు మెట్రోలో మూడో స్టేషన్. మ్యాచ్ అయిన మర్నాడు పొద్దున యూనివర్సిటీలో నడక ముగించుకుని చాయ్ హోటల్ దగ్గర ఆగితే, హాస్టల్ పిల్లలు అప్పటికే రెండు పార్టీలుగా చీలి ఉంటారు. సన్‌రైజర్స్ ఓడిందా, నాలుగో మాటకల్లా వార్నర్ పేరు రావాల్సిందే.

"గా మనిషిని పంపిచ్చిన్నాడే టీమ్ ఖతమైంది కాకా."

"ఖతమైతే 2024ల ఫైనల్‌కెట్ల వొయింది?"

"వొయింది. గెలిచిందా మరి?"

ఆ ఫైనల్లో కోల్‌కతా మీద 113 పరుగులకే ఆలౌటైన సంగతి ఇద్దరికీ తెలుసు. ఇంకో చాయ్ చెప్పి మళ్లీ మొదలుపెడతారు.

నా ఈడు వాళ్లు కొందరు విసుక్కుంటారు, ఎవడో ఆస్ట్రేలియావాడి కోసం వీళ్లకెందుకు ఈ రభస అని. నేను విసుక్కోను. నాకు ఆ పిల్లల్ని చూస్తే అసూయ. ఎందుకంటే నేను హాకీ మనిషిని. మా ఆటలో ఆటగాళ్లు వెళ్లిపోయారు, జట్లకు జట్లే మాయమయ్యాయి. ఈ ఊళ్లో వాళ్ల కోసం గొంతు చించుకున్నవాణ్ని నేను చూడలేదు.

లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఆ వర్క్‌షాప్ 1893లో నిజాం రైల్వే కాలంలో పెట్టింది. సైరన్ కూస్తే లోపలికి, మళ్లీ కూస్తే బయటికి. బయటికొచ్చాక మట్టి గ్రౌండు. నేను రైట్ హాఫ్ ఆడేవాణ్ని. నాతో ఆడినవాళ్లలో ఆంగ్లో ఇండియన్లు, తమిళులు, ఆలుగడ్డ బావి నుంచి వచ్చే మనవాళ్లు అందరూ ఉండేవాళ్లు. స్టిక్ విరిగితే దారం చుట్టి, బంక పూసి ఇంకో నెల లాగించేవాళ్లం. అందుకే ఈ విషయంలో నా మాట కాస్త హాకీ వైపే మొగ్గుతుంది, ముందే చెబుతున్నా.

ముందు వార్నర్ సంగతి చూద్దాం. 2016 మే 29న బెంగళూరులో, బెంగళూరు జట్టునే ఎనిమిది పరుగుల తేడాతో ఓడించి సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్ అతను. ఆ ఫైనల్లో 69, ఆ సీజన్ మొత్తం మీద 848 పరుగులు. 2021లో మొదటి ఆరు మ్యాచ్‌లలో జట్టు గెలిచింది ఒక్కటే. మే 1న కెప్టెన్సీ తీసి కేన్ విలియమ్సన్‌కు ఇచ్చారు. ఆ మర్నాటి మ్యాచ్‌లో వార్నర్‌కు పదకొండు మందిలో చోటే లేదు. తనకు సరైన కారణం చెప్పలేదని అతనే తర్వాత అన్నాడు. అదే ఏడాది నవంబరులో టీ20 ప్రపంచకప్పులో 289 పరుగులు చేసి ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అయ్యాడు. తర్వాతి వేలంలో ఢిల్లీ అతణ్ని 6.25 కోట్లకు తీసుకుంది. సన్‌రైజర్స్ ఇచ్చినదాంట్లో అది ఇంచుమించు సగం.

ఇన్ని వివరాలు ఎందుకంటే, చాయ్ హోటల్‌లో ఒక పార్టీ ఎప్పుడూ అనే మాట ఒకటుంది: "పైసల కోసం వొయిండు." ఎట్లా పోతాడు? వేలంలో ఆటగాడు జట్టును ఎంచుకోడు, జట్టే ఆటగాణ్ని కొంటుంది. అతను పోయిన చోట వచ్చింది ఎక్కువ కాదు, తక్కువ. 2022 మే 5న మన జట్టు మీదే 92 నాటౌట్ కొట్టాడు. ఆఖరి ఓవర్లో సెంచరీ కోసం సింగిల్ తీసివ్వనా అని అవతలి బ్యాటర్ రోవ్‌మన్ పావెల్ అడిగితే, వద్దు, నువ్వు కొట్టు అన్నాడట. అంత కసి ఉన్న రోజున కూడా సెంచరీ వదులుకున్నవాణ్ని పట్టుకుని స్వార్థపరుడంటే నాకు మింగుడుపడదు.

రెండో పార్టీకీ నా మద్దతు పూర్తిగా లేదు. 2021 సీజన్లో వార్నర్ బ్యాటు మునుపటిలా ఆడలేదు. ఓడుతున్న జట్టు కెప్టెన్‌ను మార్చడం పాపమేమీ కాదు. పాపం ఎక్కడుందంటే, ఎందుకు మార్చామో జనానికి నోరు విప్పి చెప్పకపోవడంలో. చెప్పాల్సినవాళ్లు చెప్పి ఉంటే తార్నాకలో ఇన్నేళ్ల పంచాయితీ ఉండేదే కాదు.

ఇక మా ఆటకు వస్తాను. వెళ్లిపోయిన స్టార్ కథ అంటే హాకీలో గొంజాలో పీలాట్ కథను మించింది నాకు తెలియదు. బ్యూనస్ ఐరిస్ కుర్రాడు. పెనాల్టీ కార్నర్ వచ్చిందంటే డ్రాగ్‌ఫ్లిక్‌కు అతనే. 2016 రియో ఒలింపిక్స్‌లో పదకొండు గోల్స్‌తో టాప్ స్కోరర్. సెమీఫైనల్లో జర్మనీ మీద హ్యాట్రిక్. ఫైనల్లో బెల్జియంను 4-2తో ఓడించి అర్జెంటీనా పురుషుల హాకీలో తొలిసారి బంగారం గెలిచింది. అలాంటివాడు రెండు మూడేళ్లలో జట్టును నడిపేవాళ్లతో పొసగక దేశం జట్టుకు దూరమయ్యాడు. క్లబ్ హాకీ ఆడుతూ జర్మనీలోనే ఉండిపోయాడు. హాకీలో ఒక దేశానికి ఆడినవాడు ఇంకో దేశానికి ఆడాలంటే మూడేళ్లు ఆగాలి. ఆగాడు. 2022లో జర్మనీ జెర్సీ వేసుకున్నాడు.

మరుసటి ఏడే భువనేశ్వర్‌లో ప్రపంచకప్పు. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద జర్మనీ 4-3తో గెలిచింది. అందులో మూడు పీలాట్‌వే. రియోలో హ్యాట్రిక్‌తో జర్మనీకి ఫైనల్ దక్కకుండా చేసినవాడే, ఏడేళ్లకు హ్యాట్రిక్ కొట్టి జర్మనీని ఫైనల్‌కు తీసుకెళ్లాడు. ఫైనల్లో కూడా అతని గోల్ ఉంది. షూటౌట్‌లో బెల్జియంను దాటి కప్పు జర్మనీకి వెళ్లింది. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో జర్మనీ 3-2తో ఎవర్ని ఓడించిందో తెలుసా? అర్జెంటీనాను. ఆ రాత్రి బ్యూనస్ ఐరిస్ హోటళ్లలో ఎన్ని పార్టీలయ్యాయో, ఎన్ని కప్పులు పగిలాయో మనం ఊహించుకోవచ్చు. ద్రోహి అన్నవాళ్లూ ఉంటారు, పొమ్మనలేక పొగపెట్టింది మీరే కదా అన్నవాళ్లూ ఉంటారు. ఇద్దరిలోనూ నేను రెండోవాడి పక్కన కూర్చుంటాను. ఆటగాడి కాళ్లలో బలం ఉండేది పది, పన్నెండేళ్లు. అందులో మూడేళ్లు అంతర్జాతీయ మ్యాచ్ లేకుండా గడపడానికి సిద్ధపడ్డాడంటే ఊరికే సరదాకు పోలేదు.

ఆ క్వార్టర్ ఫైనల్ తర్వాత రెండు రోజులకు సెమీఫైనల్లో జర్మనీకి ఎదురైంది మనమే. హర్మన్‌ప్రీత్ ఏడో నిమిషంలోనే గోల్ కొట్టి ముందుంచాడు. పద్దెనిమిదో నిమిషంలో పెనాల్టీ కార్నర్‌తో స్కోరు సమం చేసింది పీలాటే. 3-2తో ఓడాం. నలభై నాలుగేళ్ల తర్వాత ఒలింపిక్ ఫైనల్ చూస్తామనుకున్న ఆశ అక్కడే ఆగింది. మా కాలనీలో ఆ రాత్రి టీవీ కట్టేసి అన్నం తినకుండా పడుకున్న ముసలివాళ్లు నాకు తెలుసు.

రెండు నెలలు దాటాక హాకీ ఇండియా లీగ్ వేలం జరిగింది. పీలాట్‌ను 68 లక్షలకు కొన్నది ఎవరు? హైదరాబాద్ తూఫాన్స్. అంటే మనం. పారిస్‌లో మన గుండె కోసినవాడు మన ఊరి పేరున్న జెర్సీ వేసుకుని మైదానంలోకి వచ్చాడు. జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లినవాళ్లలో ఒకడయ్యాడు. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఆ ఫైనల్లో 4-3తో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడాం. అందులోనూ గోల్ కొట్టాడు.

ఇంత కథ జరిగితే హైదరాబాద్‌లో ఏమైంది? ఏమీ కాలేదు. "వాణ్ని ఎట్ల తీసుకుంటర్రా" అని తిట్టినవాడు లేడు, "పారిస్ పగ పక్కనవెట్టు, ఫ్లిక్ చూడు" అని వెనకేసుకొచ్చినవాడూ లేడు. ఆ ఫైనల్ మర్నాడు చాయ్ హోటల్‌లో నేనే కదిలించాను. ఒక పిల్లవాడు మర్యాదగానే అడిగాడు: "హైదరాబాద్‌కు హాకీ టీమ్ ఉందా అంకుల్?"

ఆ పిల్లవాణ్ని తప్పు పట్టను. ఆ సీజన్లో పురుషుల మ్యాచ్‌లు రూర్కెలా, రాంచీల్లో జరిగాయి. మన ఊరి జట్టు మన ఊళ్లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. కళ్లతో చూడని జట్టు మీద కోపమెలా వస్తుంది? వార్నర్‌ను ఆ పిల్లలు ఉప్పల్‌లో చూశారు, అరిచి గొంతు పోగొట్టుకున్నారు, రాత్రి పదకొండింటికి మెట్రోలో నిలబడి ఇంటికొచ్చారు. అతను "బుట్టబొమ్మ" పాటకు ఇంట్లో స్టెప్పులేస్తే తమ బావే వేసినట్టు మురిశారు. అంత ఇచ్చారు కాబట్టే అతను పోతే తగాదాపడే హక్కు వచ్చింది.

హాకీలో ఆ హక్కు మాకు ఒకప్పుడు ఉండేది. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైనప్పుడు తొలి సీజన్ గచ్చిబౌలిలోనే జరిగింది. దిలీప్ టిర్కీ నాయకత్వంలో హైదరాబాద్ సుల్తాన్స్ కప్పు గెలిచింది. ఐపీఎల్ పుట్టడానికి మూడేళ్ల ముందే ఊరి పేరుతో లీగ్ జట్టు, ఊళ్లోనే కప్పు! 2008కల్లా ఆ లీగే లేకుండా పోయింది. సుల్తాన్స్ ఎందుకు పోయిందని ఒక్క ధర్నా లేదు, గోడ మీద ఒక్క పోస్టర్ లేదు. పోస్టర్లకు, ధర్నాలకు దేశమంతా పేరున్న యూనివర్సిటీ పక్కన ఉంటూ ఈ మాట రాయడం నాకు చిన్నతనంగానే ఉంది.

ముకేశ్ కుమార్ సంగతి చూడండి. మన హైదరాబాదీ. 1992, 1996, 2000, మూడు ఒలింపిక్స్ ఆడాడు. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ ముప్పై రెండేళ్ల తర్వాత బంగారం గెలిచిన జట్టులో ఉన్నాడు. 2003లో పద్మశ్రీ వచ్చింది. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన గోల్‌కీపర్ రజని ఎతిమర్పు 2016లో రియో ఒలింపిక్స్ జట్టుకు స్టాండ్‌బైగా ఎంపికైంది. భారత మహిళల జట్టు ముప్పై ఆరేళ్ల తర్వాత ఒలింపిక్స్‌కు వెళ్లిన ఏడాది అది. వీళ్లిద్దరూ ఎప్పుడు జట్టులోకి వచ్చారు, ఎప్పుడు బయటికొచ్చారు, ఎవరు తీశారు, ఎందుకు తీశారు? తెలుగు జనంలో ఎక్కడైనా ఒక అరుగు మీద వాదన జరిగిందా? ఇంత నిర్లక్ష్యం కంటే నాలుగు తిట్లే నయం.

దీనికి కారణం జనం ఒక్కరే కాదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ పచ్చిక మీది నుంచి కృత్రిమ టర్ఫ్ మీదికి మారింది. మా మట్టి మీద బంతి ఎగురుతుంది, ఆగుతుంది, దాన్ని మచ్చిక చేసుకోవడమే మా విద్య. టర్ఫ్ మీద అది జారిపోతుంది. మట్టి మీద నేర్చినవాడు సెలక్షన్‌కు వెళితే ఆట మళ్లీ మొదటినుంచి నేర్వాలి. లాలాగూడ ఈ చివర, టర్ఫ్ ఉన్న గచ్చిబౌలి ఆ చివర. బడి వదిలాక పిల్లవాడు రెండు వాహనాలు మారి వెళ్లి, ఆడి, రాత్రికి ఇల్లు చేరి, హోంవర్క్ ఎప్పుడు చేస్తాడు? ఆడేవాడు తగ్గితే చూసేవాడు తగ్గుతాడు. చూసేవాడు లేని ఆటలో ఎవణ్ని ఎప్పుడు తీసేసినా అడిగే నాథుడుండడు. బ్యాంకాక్ బంగారం గెలిచిన కొద్ది నెలలకే ధన్‌రాజ్ పిళ్లైని, మరికొందరిని పక్కనపెట్టినప్పుడు "విశ్రాంతి" అన్నారు. ఆ రోజున దేశంలో హాకీకి క్రికెట్‌లో పదో వంతు అభిమానులున్నా ఆ మాట చెల్లేదా?

అందుకే హాస్టల్ పిల్లలకు నేను చెప్పేది "మానండి" అని కాదు. కొట్లాడండి. ఆట బతికుందని చెప్పడానికి అంతకంటే గుర్తు లేదు. అయితే ఎవరితో కొట్లాడుతున్నారో చూసుకోండి. వెళ్లిపోయినవాణ్ని, వాడి పెళ్లాం పిల్లల్ని తిట్టడం సులువు, వాళ్లు మారుమాట్లాడరు. నిర్ణయం తీసుకున్నవాడు ఏసీ గదిలో ఉంటాడు. మీ కోపం చేరాల్సింది అక్కడికి. ఎందుకు తీశారు, ఎవరు తీశారు, బదులుగా ఎవర్ని తెస్తున్నారు, ఈ మూడు ప్రశ్నలకు టికెట్టు కొన్న ప్రతివాడికీ జవాబు రావాలి.

హాకీ నడిపేవాళ్లకు చెప్పేది ఇంకోటుంది. హైదరాబాద్ అని పేరు పెట్టుకున్న జట్టు సీజన్‌కు కనీసం నాలుగు మ్యాచ్‌లు హైదరాబాద్‌లో ఆడాలి. ఊరి పేరు వాడుకున్నందుకు కట్టాల్సిన అద్దె అనుకోండి. 2005లో లీగ్ మొత్తం నడిపిన ఊరికి నాలుగు మ్యాచ్‌లు నడపడం చేతకాదంటే నమ్మను. సికింద్రాబాద్ రైల్వే కాలనీల బడిపిల్లలకు ఆ నాలుగింటికీ ఉచితంగా గేటు తెరవాలి, బస్సు పెట్టాలి. వాళ్లు రెండు సీజన్లు చూస్తే చాలు. ఆ పైన ఎవర్ని వదులుకున్నా జవాబు చెప్పకుండా తప్పించుకోవడం మీ వల్ల కాదు.