ఎర్ర దీపమూ, బద్ధకస్తుడూ

పోయినేడు పరీక్షరోజు తెల్లవారుజామున మా హాస్టలు గదిలో అలారం మోగింది. ఎవరో నొక్కేశారు. ఆరా తీస్తే ఆ ‘ఎవరో’ నేనేనని తేలింది! చెయ్యి నొక్కింది గాని మనసుకు తెలీదు. అరగంట ఆలస్యంగా హాల్లోకి పోయాను. వార్డెనుగారు ‘బద్ధకస్తుడు’ అన్నారు. అంతటితో విచారణ ముగిసింది.

రైలు ప్రమాదం జరిగిన మర్నాడు ‘డ్రైవరు నిర్లక్ష్యం’ అని చదివినప్పుడల్లా నాకా ఉదయం గుర్తొస్తుంది.

1999 అక్టోబరు 5న లండన్‌లో పాడింగ్టన్ నుంచి బయల్దేరిన బండి ఒకటి లాడ్‌బ్రోక్ గ్రోవ్ దగ్గర ఎర్ర సిగ్నలు దాటి, ఎదురొచ్చే ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొంది. ఇద్దరు డ్రైవర్లతో సహా 31 మంది పోయారు. దాటినవాడు చనిపోయాడు కాబట్టి నేరం అతనిమీద వేస్తే కాదనేవాడు లేడు. కాని విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ అక్కడ ఆగలేదు. ఏం బయటపడింది? 109వ నంబరు గల ఆ సిగ్నలును అంతకుముందు ఆరేళ్ళలో ఎనిమిదిసార్లు డ్రైవర్లు దాటేశారు! కరెంటు తీగల సామగ్రి దానికి అడ్డం. ఆపైన దీపాలమీద ఏటవాలుగా పడే పొద్దుటి ఎండ. ఆ డ్రైవరు పరీక్ష పాసై రెండువారాలే అయింది. ఆ సిగ్నలు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

హెచ్చరిక మోగలేదా? మోగింది. అక్కడ ఆకుపచ్చకు గంట మోగుతుంది. పసుపుకైనా ఎరుపుకైనా ఒకటే హారను. బటన్ నొక్కితే బ్రేకు పడదు. రోజంతా పసుపు దగ్గర నొక్కే చెయ్యి ఎరుపు దగ్గరా నొక్కుతుంది. నా అలారం కథే!

మరి డ్రైవరుకు బాధ్యత లేదా? ఎందుకు లేదు? తాగి నడిపేవాణ్ణి శిక్షించవలసిందే. కాని మనిషిని మార్చి సిగ్నలును అలాగే ఉంచితే, తొమ్మిదోసారి దాటేవాడు ఇంకొకడు వస్తాడు. వచ్చాడు కూడా!

మన విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర 2023 అక్టోబరు 29న పలాస పాసింజరును వెనకనుంచి రాయగడ పాసింజరు గుద్దింది. చెడిపోయిన రెండు సిగ్నళ్ళను డ్రైవరు నిబంధన పాటించకుండా దాటాడని మర్నాటికే తేల్చారు. జవాబు చెప్పుకోడానికి అతను లేడు. ఎర్ర సిగ్నలు దాటబోతే తనే బ్రేకు వేసే ‘కవచ్’ను అంతకు ఏడాదిన్నర ముందే, 2022 మార్చిలో, మన వికారాబాదు వైపు గుల్లగూడ దగ్గర రైల్వేమంత్రి ఇంజనెక్కి పరీక్షించి చూశారు. కంటకాపల్లి దారిలో అది లేదు.

మిత్రులారా! మనలో రేపు ఇంజనీర్లూ, ఆఫీసర్లూ అయ్యేవారున్నారు. ఫైలుమీద ‘నిర్లక్ష్యం’ అని రాసి సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆ సీట్లో నేనుంటే చూసేవాణ్ణేనా?

అలారం నొక్కి పడుకున్నవాడిగా, నేను మాత్రం చూసేవాణ్ణని ప్రమాణం చెయ్యలేను.