నడుం పట్టీ లేని రక్‌సాక్

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లెక్కే కోచింగ్ విద్యార్థుల్లో వీపున సంచి లేనివాళ్లు అరుదు. జర్మన్‌లో వీపు, సంచి అనే రెండు మాటలు కలిస్తే ‘రక్‌సాక్’. ఆల్ప్స్ కొండవాసుల ఈ మాట 19వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి దిగింది. ‘బ్యాక్‌ప్యాక్’ ఆ తర్వాత అమెరికాలో పుట్టింది.

పేరు వీపుదే అయినా, మంచి ట్రెకింగ్ సంచిలో బరువు మోసేది నడుము. పట్టీ బిగిస్తే భారంలో ఎక్కువ భాగం భుజాలను వదిలి తుంటి ఎముకల మీదికి చేరుతుంది. సరూర్‌నగర్ బడిపిల్లల సంచులకు ఆ పట్టీ సాధారణంగా ఉండదు. పుస్తకాలు, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా అన్నీ లేత భుజాలకే!

బడి సంచి బరువుకు తెలంగాణ ప్రభుత్వం 2017లోనే ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, పదో తరగతికి 5 కిలోలని హద్దు గీసింది. పిల్లల బరువులో పదో వంతు మించొద్దని, బడిలో తూకం యంత్రం ఉంచాలని 2020 జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం చెప్పింది.

ఉత్తర్వులకు కొదవ లేదు, అడిగేవాళ్లే తక్కువ. ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు మార్కుల సంగతి తర్వాత, ముందు ఆ తూకం యంత్రం ఎక్కడుందో అడగండి.