ఇద్దరు కోటయ్యలు

పెళ్ళి కుదిరిన ఇంట్లో పిలుపుల జాబితా కూడా ఇప్పుడు ఎక్సెల్‌లోనే తయారవుతోంది. తాతగారు పాత నోటుపుస్తకం చూసి పేర్లు చదువుతుంటే మనవరాలు ల్యాప్‌టాప్‌లో కొడుతుంది. పెద్దల జాబితా, పిల్లల స్నేహితుల జాబితా, వియ్యాలవారు పంపినది అన్నీ ఒకచోట చేర్చాక అసలు చిక్కు మొదలవుతుంది. ఒకే పేరు రెండు మూడు చోట్ల కనబడుతుంది.

అద్దంకి వైపు ఈ చిక్కు కాస్త ఎక్కువే. కోటప్పకొండ స్వామికి మొక్కుకున్న ఇళ్ళలో కోటయ్యలు, కోటేశ్వరరావులు, కోటేశ్వరమ్మలు. సింగరకొండ ప్రసన్నాంజనేయస్వామిని నమ్ముకున్న ఇళ్ళలో ఆంజనేయులు, హనుమంతరావులు. దానికి తోడు తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ. తాతకు ముగ్గురు కొడుకులుంటే అదే ఇంటిపేరుతో, అదే పేరుతో ముగ్గురు మనవలు తయారు.

మళ్ళీ మళ్ళీ వచ్చిన పేర్లకు రంగు వేయమంటే ఎక్సెల్ వేస్తుంది. కానీ అన్నిటికీ ఒకటే రంగు. ఆంజనేయులు ఎక్కడ అయిపోయారో, కోటయ్యలు ఎక్కడ మొదలయ్యారో కంటికి ఆనదు. అందుకే చేయి తిరిగినవాళ్ళు చిన్న కిటుకు వాడతారు. పేర్లను అక్షరక్రమంలో పెట్టి, పక్కన ఒక గడిలో అంకె వేయిస్తారు. పై వరుసలో ఉన్న పేరే కిందా ఉంటే అదే అంకె, పేరు మారితే ఒకటి ఎక్కువ. సరి అంకెలకు లేత నీలం, బేసి అంకెలకు లేత పసుపు. ఏ పేరు గుంపు ఆ పేరుదిగా విడివిడిగా తేలుతుంది.

ఈ రంగులో నాకు నచ్చేది దాని నిదానం. అది ఎవరినీ చెరిపేయదు. అదే ఎక్సెల్‌లో రిమూవ్ డూప్లికేట్స్ అనే మీట కూడా ఉంది. పేరొక్కటే చూసి దాన్ని నొక్కామా, రెండో కోటయ్య మాయం. పైగా ఇంగ్లీషులో రాసేటప్పుడు కోటేశ్వరకీ రావుకీ మధ్య కాస్త ఖాళీ వస్తే చాలు, ఒకే మనిషి దానికి ఇద్దరుగా కనిపిస్తాడు. ఒక ఇంటికి రెండు శుభలేఖలు వెళితే నవ్వుకుని ఊరుకుంటారు. ఒక్కటీ వెళ్ళకపోతే మాత్రం ఏళ్ళ తరబడి గుర్తుంటుంది.

ఊళ్ళకు ఈ తంటా కొత్తదేం కాదు. ఎర్ర కోటయ్య, నల్ల కోటయ్య, పెద కోటయ్య, చిన కోటయ్య, బావికాడ కోటయ్య, మిలట్రీ కోటయ్య అని జనమే విడదీసుకున్నారు. రంగులు వేయడం ఎక్సెల్ కంటే ముందే వాళ్ళకు తెలుసు. రాజులకూ తప్పలేదు. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా రెడ్డి రాజ్యాన్ని నెలకొల్పిన ప్రోలయ వేమారెడ్డి పేరులో ముందున్నది తండ్రి పేరే. రాజధాని కొండవీటికి మారాక అనవేముడు, పెదకోమటి వేముడు, రాచవేముడు పాలించారు. ముందున్న ఆ చిన్న మాట లేకపోతే చరిత్ర పాఠంలో వేమారెడ్లంతా ఒక్కరైపోయేవారు.

జాబితా రాసేవాళ్ళకు తలనొప్పే గాని, ఒకే పేరు పంచుకోవడంలో ఆ ఇంటి మురిపెం ఉంది. పోయిన పెద్దాయన పేరును ముగ్గురు కోడళ్ళూ తమ ఇంట్లో పిలుచుకోవాలనుకున్నారు, అంతే.

పసుపు గళ్ళ దగ్గర వేలు ఆగినప్పుడు తాతగారు నోరు విప్పుతారు. “ఈయన మనకు బాబాయి వరస, ఒంగోలులో ఉంటాడు. కింద ఉన్నాయన పోయి రెండేళ్ళయింది, అబ్బాయి పేరున రాయమ్మా. ఆ మూడోవాడు మీ నాన్నతో చదువుకున్నాడు.” హైదరాబాదులోనో డాలస్‌లోనో పెరిగిన పిల్లకు చుట్టరికాలు ఇలా వరసకొకటి తెలిసొస్తాయి. ఆ కబుర్లు ఏ గడిలోనూ పట్టవు.

కనుక మీ జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనబడితే తొందరపడకండి. ముందు రంగు వేయండి, తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. తీసేయడానికి ఎప్పుడైనా వీలుంటుంది.