డిడ్ నాట్ వెంట్... తప్పు తెలుగుది కాదు మహాప్రభో!

ఎవరైనా "హీ డిడ్ నాట్ వెంట్" అన్నారో, మన ఐటీ మేధావులు వెంటనే తేల్చేస్తారు: "తెలుగు మీడియం బాపతు!" ఇంటర్వ్యూలో అయితే ఇక వాడి కోడు చూసే దిక్కుండదు.

కాస్త ఆగండి బాబూ! 'వెళ్ళాడు'ని కాదనాలంటే 'వెళ్ళాడు లేదు' అంటామా? 'వెళ్ళలేదు' అంటాం. 'లేదు' రాగానే అసలు క్రియ భూతకాలం వదిలేస్తుంది. ఇంగ్లీషులోనూ అంతే... కాలం సంగతి 'డిడ్' చూసుకుంటుంది, 'గో' చాలు. మాటలు నేర్చే ఇంగ్లీషు పిల్లలు కూడా ఇదే తప్పు చేస్తారు. వాళ్ళదే మీడియమో మరి!

బళ్ళో ఈ పోలిక చెప్పకుండా గో-వెంట్-గాన్ బట్టీ పట్టించి, పైగా తెలుగులో ఆలోచించొద్దంటారు. వచ్చిన భాషని గెంటేసి రాని భాష నేర్పడమేంటండీ? ఈసారి వెక్కిరించే బదులు 'వెళ్ళలేదు' గుర్తు చెయ్యండి చాలు.