గిన్నెలో ఉన్నది పాల మీగడేనా?

చలికాలం మొదలయ్యేసరికి మన నగరాల పండ్ల దుకాణాల్లోకి స్ట్రాబెర్రీ డబ్బాలు దిగుతాయి. వాటి వెనకే బేకరీల గాజు అరల్లోకి స్ట్రాబెర్రీ క్రీమ్ కప్పులు వస్తాయి. అడుగున బిస్కెట్ పొడో కేకు ముక్కో, దాని మీద తెల్లటి క్రీమ్, పైన ఎర్రటి పండు, మళ్లీ అదే వరస. ఈ తీపిని ఇంట్లో చేసుకునేవాళ్లు కూడా ఏటేటా పెరుగుతున్నారు. ఒవెన్ అక్కర్లేదు, పాకం ముదిరిపోతుందన్న బెంగ లేదు, పిల్లలు సైతం చేయి వేయవచ్చు. ఇది మన ఇళ్లలోకి రావడం మంచిదే. అయితే నిప్పు తగలని తీపి కాబట్టి దీని రుచంతా రెండింటి మీదే నిలబడుతుంది: చెట్టున పూర్తిగా పండిన పండు, పాల నుంచి తీసిన మీగడ. ఈ రెండోది బజారు కప్పుల్లో చాలావాటిలో లేదు. లేదన్న సంగతి కొనేవాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. చెప్పడం దుకాణదారుడి ఇష్టానికి వదిలేయకూడదనీ, బోర్డు మీద రాసి తీరాలనీ నా అభిప్రాయం.

నిప్పు సంగతి ముందు చూద్దాం. సున్నుండకు కమ్మదనం మినప్పప్పు దోరగా వేగడం వల్ల వస్తుంది. మైసూర్‌పాక్ వాసన నేతిలో శనగపిండి వేగుతున్నప్పుడు పుడుతుంది. సరుకులో చిన్న లోపం ఉన్నా ఆ వేపుడు వాసన, పాకపు తీపి కొంతవరకు కప్పేస్తాయి. పొరల తీపిలో ఆ అవకాశం లేదు. గిన్నెలో వేసింది వేసినట్టే నాలుకకు తగులుతుంది. దీని పూర్వీకుల్ని చూసినా ఇదే తెలుస్తుంది. 16వ శతాబ్దపు ఇంగ్లిష్ వంటలో ట్రైఫిల్ అంటే చక్కెర, అల్లం, గులాబీ నీరు వేసి వెచ్చబెట్టిన చిక్కటి మీగడ, అంతే. కేకు, పండ్లు, పొరలు తర్వాతి కాలంలో చేరాయి. అమెరికాలో 1920ల నాటికి ఇళ్లలోకి మంచుపెట్టెలు వచ్చాక, పల్చటి బిస్కెట్ల మధ్య చిలికిన క్రీమ్ పూసి రాత్రంతా చల్లబెట్టే ఐస్‌బాక్స్ కేకు ఇంటింటి వంట అయింది. క్రీమ్‌లోని తేమను బిస్కెట్టు మెల్లగా పీల్చుకుని తెల్లారేసరికి మెత్తటి కేకులా మారుతుంది. ఇక్కడ చల్లదనమూ కాలమూ కలిసి పొయ్యి పని చేస్తున్నాయి. ఇంత తక్కువ సరుకులతో చేసే వంటలో ప్రధానమైన సరుకునే మార్చేస్తే మిగిలేది పేరూ, రంగూ మాత్రమే.

పండు గురించి ఒక్క విషయం గట్టిగా చెప్పుకోవాలి. మామిడి, అరటి కోసిన తర్వాత కూడా మగ్గుతాయి. స్ట్రాబెర్రీ మగ్గదు. కోసిన తర్వాత రంగు కాస్త ముదరవచ్చు గానీ తీపి పెరగదు. అందుకే తొడిమ దగ్గర తెల్లగా ఉన్న కాయను కొని రెండు రోజులు ఇంట్లో ఉంచడం వృథా. దేశంలో పండే స్ట్రాబెర్రీల్లో దాదాపు 85 శాతం మహారాష్ట్రలోని మహాబలేశ్వర్, పంచగని ప్రాంతానివే. మహాబలేశ్వర్ స్ట్రాబెర్రీకి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మనకు దగ్గరలో అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలం లంబసింగి ఉంది. సుమారు 1,000 మీటర్ల ఎత్తులో, శీతాకాలపు చలిలో రైతులు పండిస్తున్న ఈ పండును తోటల దగ్గరే పర్యాటకులు కొనుక్కుంటున్నారు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఈ తీపికి నిజమైన కాలం. జూన్‌లో అదే పేరుతో దొరికే కప్పులో పండుకు బదులు ఎసెన్సు, ఎర్ర రంగు కలిపిన సిరప్పు ఉండే అవకాశమే ఎక్కువ. అయితే పండు విషయంలో మోసం కంటికి దొరుకుతుంది. ముక్క ఉందో లేదో, వాసన వస్తోందో లేదో ఎవరైనా చెప్పగలరు. క్రీమ్ దగ్గర కన్ను పనికిరాదు.

పాల క్రీమ్ చిలికితే ఎందుకు పొంగుతుందంటే, అందులోని కొవ్వు బిందువులు చల్లగా, సగం గట్టిపడి ఉన్నప్పుడు ఒకదానికొకటి అంటుకుని గాలి బుడగల చుట్టూ గోడ కడతాయి. దానికి కనీసం 30 శాతం కొవ్వు కావాలి. మన దుకాణాల్లో మామూలుగా దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే ఉంటుంది కాబట్టి ఎంత చిలికినా అది నిలబడదు. బేకరీలు ఎక్కువగా వాడేది ఈ రెండూ కాదు. హైడ్రోజనీకరించిన పామ్ కెర్నల్ నూనె, నీళ్లు, చక్కెర, ఎమల్సిఫయర్లు కలిపి తయారుచేసిన విప్ టాపింగ్ అది. గడ్డకట్టిన డబ్బాల్లో వస్తుంది, చిలికితే రెండు మూడింతలు పొంగుతుంది, గంటల తరబడి చెక్కుచెదరదు. కేకు మీద గులాబీలు తీర్చడానికి దీన్ని మించింది లేదు, ఒప్పుకోవలసిందే. కానీ పాల కొవ్వు మన ఒంటి వేడికి నాలుక మీదే కరిగి, తన వాసనను వదిలి వెళ్లిపోతుంది. గట్టిపరచిన నూనె కొవ్వు అంత త్వరగా కరగదు. అంగిట్లో మైనపు పూతలా మిగిలిపోతుంది. దానికి సొంత వాసన లేదు కనుక వెనీలా, చక్కెర ఎక్కువ వేయాలి. ఆ తీపి ముందు స్ట్రాబెర్రీ పులుపుగా తోస్తుంది, పులుపు పోవడానికి పండు మీద మళ్లీ సిరప్పు పోస్తారు. మీగడ ఒక్కటి మారితే పండు రుచి కూడా ఇలా చెడిపోతుంది.

మరి నియమాలు లేవా? ఉన్నాయి, కాకపోతే డబ్బా మీద ఆగిపోతున్నాయి. ఐస్‌క్రీమ్ అని పేరు పెట్టాలంటే కొవ్వు పాలదే కావాలి. నూనె కొవ్వు వాడితే ఫ్రోజెన్ డెజర్ట్ అని రాయాలి. 2021లో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ మొక్కల నుంచి తీసిన పానీయాలకు పాల పేర్లు వాడవద్దని ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. విప్ టాపింగ్ డబ్బా మీద కూడా పదార్థాల పట్టిక ఉంటుంది. కానీ ఆ డబ్బా బేకరీ వంటగదిలో తెరుచుకుంటుంది, కొనేవాళ్లకు కనబడేది కప్పు ఒక్కటే. విడిగా అమ్మే సరుకుకు ఇలాంటి నియమం పెట్టడం అసాధ్యమనే మాట కూడా నిలవదు. 2020 అక్టోబరు 1 నుంచి మిఠాయి దుకాణాలు విడిగా అమ్మే స్వీట్ల దగ్గర ఎప్పటిలోగా తినాలో తేదీ రాసిపెట్టాలన్న నియమం ఉంది. తేదీ రాయగలిగిన అట్టముక్క మీద ‘పాల క్రీమ్’ అనో ‘నూనె కొవ్వుతో చేసిన క్రీమ్’ అనో రెండు మాటలు రాయడం ఏ దుకాణానికీ భారం కాదు.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం మన ఎండ. 30 డిగ్రీలు దాటిన గదిలో పాల క్రీమ్ చిలికితే జారిపోతుందనీ, టాపింగ్ వాడటం మోసం కాదు అవసరమనీ బేకరీలవారు అంటారు. మే నెల సంగతైతే ఆ మాటలో నిజం ఉంది. కానీ స్ట్రాబెర్రీ వచ్చేది చలికాలంలో, అప్పుడు మన వంటగదులు కూడా చల్లగానే ఉంటాయి. పైగా ఇది గిన్నెలో కూర్చునే తీపి. కేకు మీద బొమ్మలా గంటల తరబడి నిలబడాల్సిన పని దీనికి లేదు. ఇంకో సాక్ష్యం హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడి జ్యూస్ సెంటర్లు ఎన్నో ఏళ్లుగా చిక్కటి చల్లని మలై మీద సీతాఫలం గుజ్జు, మామిడి ముక్కలు, స్ట్రాబెర్రీలు వేసి గిన్నెల్లో అమ్ముతున్నాయి. జనం వరస కట్టి తింటున్నారు. పెళ్లి విందుల్లో ఖుబానీ కా మీఠా మీద పోసేదీ పాల మీగడే. ఇంత వేడి ఊళ్లో పాల మీగడ నిలబడుతోందంటే అడ్డు వాతావరణం కాదని అర్థం. తక్కువ ఖర్చు, ఎక్కువ పొంగు అసలు కారణాలు.

ఇంట్లో అయితే పరిష్కారం మరీ తేలిక. పావు లీటరు చిక్కటి పెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి రాత్రి ఫ్రిజ్‌లోనే జల్లెడ మీద పెడితే నీరంతా దిగిపోయి శ్రీఖండ్‌కు వాడే గట్టి ముద్ద వస్తుంది. 200 మిల్లీలీటర్ల విప్పింగ్ క్రీమ్‌ను, చిలికే గిన్నెతో సహా బాగా చల్లబరచి, మూడు చెంచాల చక్కెర పొడితో మెత్తటి కొనలు నిలిచేదాకా చిలకాలి. ఆ తర్వాత ఆగకపోతే వెన్న అయిపోతుంది. ఇందులో పెరుగు ముద్దను పైపైన కలిపితే క్రీమ్‌కు బలం వస్తుంది, లేత పులుపు కూడా చేరుతుంది. విప్పింగ్ క్రీమ్ దొరకని ఊళ్లో ఫ్రెష్ క్రీమ్‌నే ఈ ముద్దలో కలుపుకోవచ్చు. పొంగదు, కానీ చిక్కగా ఉంటుంది. కాచిన పాల మీద కట్టిన ఇంటి మీగడను మాత్రం చిలికితే తరకలు తరకలుగా విడిపోతుంది, దాన్ని వెన్నకే ఉంచడం మేలు. ఇక పండు దగ్గర జాగ్రత్త. స్ట్రాబెర్రీలో పది వంతుల్లో తొమ్మిది వంతులు నీరే. చక్కెర తగిలిందంటే ఆ నీరు బయటికి వస్తుంది. ముక్కల్ని నేరుగా పొరల్లో వేస్తే రసం క్రీమ్‌లోకి దిగి అంతా గులాబీ రంగు నీళ్లవుతుంది. అందుకని తొడిమలు తీయకముందే పండ్లను కడిగి, తుడిచి, ముక్కలు చేసి, రెండు చెంచాల చక్కెర చల్లి అరగంట పక్కన పెట్టాలి. ఊరిన రసాన్ని వంచేసి మారీ బిస్కెట్లను అందులో ఒక్క క్షణం ముంచి తీసి అడుగున పరవాలి. నీరుగారి చెడగొట్టాల్సిన రసమే ఇప్పుడు బిస్కెట్టును మెత్తబరిచి దానికి వాసన పట్టిస్తుంది. మీద క్రీమ్, దాని మీద ముక్కలు, మళ్లీ బిస్కెట్లు. కనీసం ఐదారు గంటలు ఫ్రిజ్‌లో ఉండాలి. తినడానికి పది నిమిషాల ముందు బయట పెడితే మంచిది, మరీ చల్లగా ఉన్నప్పుడు పండు వాసన ముక్కుకు అందదు. వండని తీపి కనుక మిగిలింది మర్నాటికి మించి దాచకూడదు.

పాల క్రీమ్ మాత్రం ఆరోగ్యానికి మంచిదా అని అడిగేవారున్నారు. మంచిదని నేను అనడం లేదు. పాల కొవ్వులోనూ సంతృప్త కొవ్వు సగానికి పైనే ఉంటుంది, పామ్ కెర్నల్ నూనెలో అది ఇంకా ఎక్కువ. ట్రాన్స్ కొవ్వు విషయంలో 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో 2 శాతానికి మించకూడదన్న పరిమితి ఉంది కాబట్టి ఆ పాత భయాన్ని ఇప్పటి టాపింగుల మీద యథాతథంగా రుద్దడం న్యాయం కాదు. ఏది తిన్నా చిన్న గిన్నెడే తినాలి. నా అభ్యంతరం తెలియకుండా తినిపించడం గురించి. పాలు పడనివాళ్ల సంగతి ఆలోచించండి. నూనెతో చేసిందని చెప్పే టాపింగుల్లో చాలావాటిలో సోడియం కేసినేట్ ఉంటుంది, అది పాల ప్రొటీనే. పాల అలర్జీ ఉన్న పిల్లవాడికి ‘ఇందులో పాలు లేవండీ’ అని కౌంటర్ వెనక ఉన్న కుర్రాడు నమ్మకంగా చెప్పి ఇచ్చేస్తే జరిగే హాని చిన్నది కాదు. జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ మాటా ఇంతే. కప్పు గట్టిగా నిలబడటానికి దాన్ని కలిపితే శాకాహారికి ఆ విషయం తెలియాలి. సముద్రపు నాచు నుంచి వచ్చే చైనా గ్రాస్‌తో కూడా ఆ పని జరుగుతుంది. బోర్డు మీద ఒక వాక్యం ఉంటే పాల క్రీమ్ కోరుకునేవారికీ, పాలు అసలే వద్దనేవారికీ ఒకేలా మేలు జరుగుతుంది.

ఇదంతా డబ్బున్నవాళ్ల తీపి, దీని మీద ఇంత చర్చ ఎందుకని కొట్టిపారేయడం తేలిక. స్ట్రాబెర్రీ, విప్పింగ్ క్రీమ్ రెండూ ఖరీదైనవే. కానీ ఈ పద్ధతికి స్ట్రాబెర్రీయే ఉండాలన్న పట్టు లేదు. అక్టోబరులో బాలానగర్ సీతాఫలం గుజ్జు, వేసవిలో బంగినపల్లి ముక్కలు ఇదే పెరుగు ముద్ద, ఇదే మారీ బిస్కెట్టు మధ్య చక్కగా ఒదుగుతాయి. పచ్చి అనాసకు మాత్రం పాలతో పొసగదు, చేదెక్కుతుంది. పైగా ఖరీదైన సరుకు అన్నప్పుడే నాణ్యత గురించి అడిగే హక్కు ఎక్కువ ఉంటుంది. పాల క్రీమ్ పేరు మీద నిలబడ్డ ధరను నూనె కొవ్వుకు చెల్లించేది ఎక్కువగా మధ్యతరగతి ఇళ్లే, అదీ పుట్టినరోజుకో, పిల్లల పరీక్షలు అయిపోయిన రోజుకో. బేకరీ యజమానులు రెండు రకాలూ అమ్ముకోవచ్చు, రెండు ధరలూ పెట్టుకోవచ్చు. చవక కప్పు కావాలనుకున్నవారు దాన్నే తీసుకుంటారు. నిజమైన మీగడ వాడుతూ, ఆ ఖర్చు భరిస్తూ, పక్క దుకాణం ధరతో పోటీ పడలేక నలిగిపోతున్న చిన్న బేకరీలకు ఈ రెండు మాటల బోర్డు వల్ల జరిగే మేలు మిగతా అందరికంటే ఎక్కువ. అందుకే ఈ నియమం కావాలని ముందు అడగాల్సినవాళ్లు కూడా వాళ్లే.